పోశవ్వ వండని రాజీ కూర

మొగని చేతిల పోశవ్వ మొదటిసారి దెబ్బలు తిన్నప్పుడు వాళ్ళవ్వ పెద్దకూర వండింది.

అప్పటికి లగ్గపు చీర ఇంకా రెండోసారి ఉతకలేదు. మొగడు రాజయ్య కోరుట్ల మార్కెట్ల పసుపు బస్తాలు మోసే హమాలి. జాతరల తెలిసినోడెవడో పలకరిస్తె పోశవ్వ నవ్విందని, ఇంటికొచ్చినంక బస్తాలు లేపే ఇనుప కొక్కేన్ని తిప్పిపట్టి, దాని కట్టెపిడితోని వీపంత వాయించిండు. మొనతోని కొట్టలేదు కదా అని అత్త సంబురపడ్డది. "మావోనికి సోయి ఉన్నది, పిడితోనే కొట్టిండు" అని వాడకట్టుల నలుగురికి చెప్పుకున్నది.

పోశవ్వ బస్సెక్కి కొడిమ్యాలల తల్లిగారింటికి పోయింది. తల్లి రైక విప్పి చూసి, మంచినూనెల పసుపు కలిపి వాతల మీద రాసింది. అదే చెయ్యితోని తెల్లారి పొయ్యి మీద కూర పెట్టింది. ఎందుకంటె పెద్దమనుషులు వస్తున్నరు.

వాళ్ళోళ్ళల్ల ఒక ఆనవాయితి ఉండె. మొగడు కొట్టిండని పిల్ల తల్లిగారింటికి వస్తె, కులపెద్ద అల్లుణ్ణి వెంటబెట్టుకొని వస్తడు. పిల్ల తల్లి దున్నపోతు మాంసం తెప్పించి తన చేతులతోని పెద్దకూర వండాలె. కోడికూర నడువది. కోడి సుట్టాలకు, రాజీకి పెద్దకూరనే. అల్లుడు, పెద్దమనిషి ఆ ఇంట్ల కూసొని తిన్నరంటె రాజీ అయినట్టె లెక్క. చేతులు కడిగిన నీళ్ళు ఆరకముందె పిల్ల సంచి పట్టుకొని మొగని ఎనుక నడువాలె. కూర తినకముందు మాత్రం పిల్ల ఒంటి మీద ఎవ్వడు చెయ్యెయ్యద్దు. దాని పేరే రాజీ కూర. కల్లు మండువల మొగోళ్ళు నవ్వుకుంట అనేటోళ్ళు: "పెండ్లాన్ని కొట్టక చాన దినాలైందిరా, అత్త చేతి కూర యాదికొస్తున్నది."

ఆ దినం లోపలి అర్రల మూలకు కూసొని పోశవ్వ బయట తింటున్న చప్పుడు విన్నది. నల్లిబొక్క అల్లుని వంతు. రాజయ్య దాన్ని కంచానికేసి టక్‌టక్ కొట్టి లోపలి మూలుగ పీల్చుకుంటున్నడు. ఒక్కొక్క కొట్టుడుకు ఆమె వీపు మీది వాతలు ఒక్కొక్కటి సలిపినయి.

ఆ తర్వాత ఎన్నిసార్లో. ఒకసారి పక్కటెముక, ఒకసారి చిటికెనవేలు. అది ఇప్పటికీ వంకరనే ఉన్నది. ప్రతిసారి కొడిమ్యాల బస్సు, ప్రతిసారి నూనె, పసుపు, కూర, సంచి. తల్లి కూర వండుకుంట ఏడ్చేది, పొయ్యి పొగ అని చెప్పేది. గ్యాసు పొయ్యి వచ్చినంక గూడ అదే మాట చెప్పింది.

తల్లి సచ్చిపోయిన ఏడాది రాజయ్య తలుపుకేసే అడ్డకట్టెతోని దవడ మీద కొట్టిండు. పండ్లు కదిలినయి. పోశవ్వ కొడిమ్యాలకు పోతె పెద్దమనుషులు వచ్చిన్రు గాని ఒక చిక్కు వచ్చిపడ్డది. కూర ఎవలు వండాలె? పెద్దమ్మ వండచ్చు అని ఒకడు, పెద్దమ్మ తల్లెట్లయితది అని ఇంకొకడు. వదినె వండితె అని ఒకడంటె, వదినె చేతి కూరకు రాజీ కాదు, తగువయితది అని అందరు నవ్విన్రు. ఆఖరుకు "తల్లి లేని పిల్లకు రాజీ లేదు, తర్వాత చూద్దాం" అని లేచిన్రు. వాళ్ళు చూద్దాం చూద్దాం అంటున్న ఆ నెలలల్లనే పోశవ్వ జగిత్యాల ఏజెంటును పట్టుకొని, బిడ్డ శ్రావణిని అత్త దగ్గర విడిచి, బహ్రెయిన్‌కు ఇంటి పనికి పోయింది. బడికి పోయే పిల్ల శ్రావణి, బస్సు అద్దానికి మొఖం ఆనిచ్చి "అవ్వా" అని ఒక్కసారే పిలిచింది.

బహ్రెయిన్ ఇంట్ల వంట మెర్లీది. ఆమెది ఫిలిప్పీన్స్. ఇద్దరి నడుమ ఉన్న భాష వచ్చీరాని అరబ్బీ, మిగిలినదంత చేతులు. దవడ ఇంకా సరిగ అతుకక పోశవ్వ రొట్టెను చాయ్‌ల నానబెట్టి మింగుడు మెర్లీ రెండు దినాలు చూసింది. మూడో దినం దగ్గరికొచ్చి గదుమ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తన చొక్కా చెయ్యి మీదికి మడిచి, మోచెయ్యి పైన ఇస్తిరిపెట్టె మచ్చ చూపెట్టింది. అచ్చం ఇస్తిరిపెట్టె ముక్కు ఆకారం. ఇద్దరు ఒకలి మొఖం ఒకలు చూసుకొని ఎందుకో నవ్విన్రు. పోశవ్వకు నవ్వుతె నొచ్చింది.

ఆ దినమే మెర్లీ పెద్దకూరతోని నూడుల్స్ చేసిపెట్టింది. మాంసపు ముక్కను వెలుతురుకు పట్టి, లోపలి నార దారాల తీరు ఎటు పోతున్నదో వేలితోని గీసి చూపెట్టి, దానికి అడ్డంగ, కాగితమంత పల్చగ కోసింది. పోశవ్వకు నవ్వొచ్చింది. ఇంటికాడ కూర అంటె పిడికిలంత ముక్కలు, పెద్ద గంజు, పొద్దంత ఉడుకు. మెర్లీది చిటికెల అయిపోయింది. నోట్ల పెట్టుకుంటె నమలే పని లేదు, నాలికె మీదనే ఇడిపోయింది. దవడ పగిలినోళ్ళు గూడ కూర తినచ్చని పోశవ్వకు అప్పుడు ఎరుకైంది. ఆ ఇంట్ల ఉన్నన్ని ఏండ్లు, కొత్తగ వచ్చిన పనిపిల్ల ఎవలన్న మొఖం వాచి కనిపిస్తె ఇద్దరు కలిసి అదే వండిపెట్టేటోళ్ళు. ఏందో గాని ప్రతి ఏడు ఒకలన్న వచ్చేటోళ్ళు.

ఆమె తిరిగొచ్చేటప్పటికి రాజయ్య లారీ మీదికెళ్ళి బస్తాలతోని పాటు కిందపడి నడుము ఇరగ్గొట్టుకున్నడు. చెయ్యి భుజం దాటి లేవది. వాడకట్టు ఆడోళ్ళు "నీ మొగడు మంచోడైండే" అంటె పోశవ్వ "చెయ్యి లేవక అయిండు" అనేది.

శ్రావణిని సిరిసిల్ల పక్క తంగళ్ళపల్లికి ఇచ్చిన్రు. అల్లుడు అంజి మరమగ్గాల సాంచలు నడిపే పిల్లగాడు, సన్నగ, ఎప్పుడు నవ్వుకుంట ఉండేటోడు. ఏడాది తిరగకముందె శ్రావణి చెవి మీద దెబ్బతోని వచ్చింది. పోశవ్వ కూర వండింది. మల్ల ఏడాదికి చెయ్యి ఇరిగి వచ్చింది. పోశవ్వ మల్ల కూర వండింది. రెండుసార్లు కళ్ళ నీళ్ళు వచ్చినయి, రెండుసార్లు ఉల్లిగడ్డ అన్నది.

మొన్న ఆదివారం పొద్దుగాల శ్రావణి మల్ల వచ్చింది. గదుమ కింది నుంచి నెత్తి మీదికి తువ్వాల కట్టుకొని, బస్సు దిగి నడుచుకుంట వచ్చి, గడపల కూలబడ్డది.

"ఏంది బిడ్డా?"

తువ్వాల ఇప్పితె ఒక దిక్కు దవడ వంకాయ రంగు తేలి ఉబ్బి ఉన్నది. నోరు తెరువరాలేదు. సందులకెళ్ళి చూస్తె పన్ను ఉండే జాగల నల్లటి గడ్డ. "నాడె" అన్నది శ్రావణి, అంతే. నాడె అంటె సాంచల దారం పట్టుకొని అటు ఇటు ఉరికేది, గట్టి కట్టె, రెండు కొసలకు ఇనుప మొనలు. ఫోన్ల ఎవనితోని మాట్లాడుతున్నవు, తెరిచి చూపెట్టు అని అంజి అడిగిండట. "మా అవ్వతోని" అంటె నమ్మలేదు. మాట్లాడింది నిజంగ అవ్వతోనే. ముందునాడు పొద్దుగూకాల "ఏం వండినవు బిడ్డా" అని పోశవ్వనే చేసింది ఆ ఫోను.

రాజయ్య బిడ్డ మొఖం చూసి కొద్దిసేపు గోడకు మొఖం పెట్టుకొని నిలబడ్డడు. తర్వాత ఆయనకు తెలిసిన పనే చేసిండు. కులపెద్ద నారాయణకు ఫోన్ చేసిండు. అంజి వాళ్ళకు చేసిండు. కటికాయన దుకాణం మూసేలోపలనే పోయి దున్నపోతు కూర తెచ్చిండు. నల్ల కవరు పొయ్యి పక్కన పెట్టి, దాని మీద మూరెడు నల్లిబొక్క పెట్టిండు, కొట్టియ్యకుంట అట్లనే.

"నారాయణన్న తంగళ్ళపల్లికి పోయి ఆళ్ళను తోలుకొని వస్తడట. పొద్దుగూకేవరకు జీపు వస్తది. మంచిగ ఉడకబెట్టు. నల్లి అల్లునికే ఎయ్యి, పోయినసారి నారాయణన్నకు ఏసినవని ఆళ్ళు మనసుల పెట్టుకున్నరు."

"అల్లుని పండ్లు గట్టిగున్నయా?"

"ఏంది?"

"ఏం లేదు, పో."

రాజయ్య నడుము పట్టుకొని, జీపుకు ఎదురు చూసేటందుకు కథలాపూర్ రోడ్డు చౌరస్తకు పోయిండు.

పోశవ్వ కత్తి అందుకున్నది. అలవాటు చొప్పున పెద్ద ముక్క కొలతకు మొదటి గాటు పెట్టింది. గంజు తీసి నీళ్ళు పోసింది. అర్రల శ్రావణి గంజి తాగేటందుకు చూస్తున్నది. గుటక వేసినప్పుడల్ల కళ్ళు మూసుకుంటున్నది. గిన్నెల గంజి ఎర్రగైంది. దాన్ని కాలువల పారపోసి వచ్చి, పొయ్యి పక్కన గోడకు ఒరిగి కూసున్నది.

"అవ్వా."

"ఏంది బిడ్డా?"

"ఇయ్యాల కూరల కారం తక్కువెయ్యి. రాజీ అయినంక నేను గూడ ఒక ముద్ద తినాలె కదా. నోరు మండుతది."

పోశవ్వ చేతిల కత్తి ఆగింది.

పిల్ల ఏడుస్తలేదు. నేను పోను అంటలేదు. కారం తక్కువెయ్యి అంటున్నది. తనంతల తానే సంచి సదిరి గడప పక్కన పెట్టుకున్నది. పోశవ్వ అది అప్పుడు చూసింది. కొడిమ్యాల ఇంట్ల తన సంచి గూడ అదే జాగల ఉండేది, గడపకు కుడిదిక్కు.

మాంసపు ముక్కను లేపి కిటికీ వెలుతురుకు పట్టింది. నార ఎటు పోతున్నదో చూసింది. ముక్కను అడ్డం తిప్పి పెట్టి కోసింది. పల్చగ, ఇంకా పల్చగ. మొదట బిడ్డకు ఒక్క పూటకు సరిపోయేంత అనుకున్నది. పెద్దకూరకు సగం ఉంచుదామనుకున్నది. కత్తి మాత్రం ఆగలేదు. ఆమె కోస్తున్న తీరు చూస్తె బతికున్నదాన్ని కోస్తున్నట్టే ఉన్నది. పీట మీద కత్తి టపటప పడుతున్నది, ఒక్కొక్క పోటుకు పండ్లు బిగబడుతున్నయి. ఇది పక్కటెముకకు. ఇది చిటికెనవేలుకు. ఇది చెవికి. సగం దాటింది. మూడొంతులు దాటింది. ఆఖరి ముక్క గూడ కాగితాలైంది. నల్లిబొక్క ఒక్కటి మిగిలింది, దాన్ని అవతలికి నూకింది.

"అవ్వా, గంత సన్నగ ఎందుకు? రాజీ కూర గట్ల..."

"సప్పుడు జెయ్యకు."

చిటికెడు తినే సోడా, చెంచెడు చక్కెర, నల్ల సోయా సాసు, దంచిన మిరియాలు వేసి ముక్కలను బాగ పిసికింది. బహ్రెయిన్ నుంచి వచ్చినంక పోశవ్వ ఇంట్ల అలవాటు చేసుకున్న ఆ సాసు సీసాను రాజయ్య "పెయింటు డబ్బా" అంటడు, ముట్టడు. గంజుల నీళ్ళు మసులుతున్నయి. కూర కోసం పెట్టిన నీళ్ళవి. వాటిల్లనే నూడుల్స్ ప్యాకెట్లు చింపి వేసింది. బిడ్డకు మింగరావాలని రోజుటి కన్న ఎక్కువ మెత్తబడనిచ్చి వార్చింది. అల్లం, ఎల్లిగడ్డ దంచింది, క్యాబేజీ తరిగింది. కారం ఎయ్యలేదు.

ఫోన్ మోగింది. రాజయ్య. "ఏమేవ్, ఏములాడ దాటిన్రట. కూర ఎంతవరకు వచ్చింది?"

"పొయ్యి మీదున్నది."

ఇనుప మూకుడు పొగలు కక్కేదాక కాల్చి నూనె పోసింది. నూనె చిట్లి మోచెయ్యి మీద పడ్డా చూసుకోలేదు. ముక్కలను ఒక్కసారే బోర్లించింది. మూకుడు బుస్సుమన్నది, మంట అంచు మీదికెళ్ళి లోపలికి దుంకింది. శ్రావణి జడిసి ఎనుకకు జరిగింది. పోశవ్వ జరుగలేదు. గంటెతోని తిప్పి కొట్టింది, కొట్టి తిప్పింది. ఎర్రటిది చూస్తుండంగనే గోధుమ రంగైంది. అల్లం, ఎల్లిగడ్డ, క్యాబేజీ, ఆ ఎనుక నూడుల్స్, పైన ఇంకింత సాసు. దించి సగం నిమ్మకాయ పిండింది.

పక్కింటి రమ వాసనకు తలకాయ లోపల పెట్టింది. "ఏందే పోశక్కా, రాజీ కూర ఉడుకుతదనుకుంటె హోటల్ వాసన వస్తున్నది?"

"గిన్నె తీస్కరా. సాయవ్వను పిలువు. ఆమె కోడలును గూడ పిలువు."

"గది రాజీ కూర గాదా?"

"అవు. అందుకే పిలువుమంటున్న."

రమ మూకుడు దిక్కు చూసింది, గోడకొరిగిన శ్రావణి దవడ దిక్కు చూసింది. రమ మొగడు ఆమెను కొట్టిన కథ వాడకట్టుల అందరికి ఎరుకనే. ఆమె అవ్వ గూడ కూర వండింది. ఉరికి పోయి ఇద్దరిని తోలుకొచ్చింది.

పోశవ్వ మొదటి కంచం బిడ్డ ముందల పెట్టింది. శ్రావణి రెండు వేళ్ళతోని ఒక ముక్క తీసి, మంచిగున్న దిక్కు చెంపల పెట్టుకొని, కళ్ళు మూసుకున్నది. నొప్పి కోసం ఎదురు చూసింది. నొప్పి రాలేదు. కళ్ళు తెరిచింది.

"నమలే పని లేదవ్వా."

"తిను. జల్ది తిను."

మల్ల ఫోను. "కథలాపూర్ల చాయ్ తాగుతున్నరు. కూర ఉడికిందా?"

"ఉడికింది" అన్నది పోశవ్వ నోట్ల ముక్కతోని.

అయిదుగురు ఆడోళ్ళు కింద కూసొని, ఎవలో ఎనుకబడి తరుముతున్నట్టు తిన్నరు. సాయవ్వ ముసల్ది, పండ్లు లేవు. "ఏం కూరనే ఇది, నాకు గూడ అందుతున్నది" అని రెండోసారి పెట్టించుకున్నది. రమ నవ్వింది, నవ్వంగనె కళ్ళల్ల నీళ్ళు తిరిగినయి, అయినా చెయ్యి ఆపలేదు. జీపు హారను వినబడేటప్పటికి మూకుడుల నల్లటి జిడ్డు తప్ప ఏం లేదు.

నారాయణ ముందల, ఎనుక అంజి, అంజి వాళ్ళన్న, ఆఖరుకు రాజయ్య. నారాయణ పోశవ్వకు వరుసకు బావ. తెల్ల పంచె, భుజం మీద కండువ, కూర తినే దినమైతె పొద్దుగాల నుంచి ఏం ముట్టడని పేరు. కాళ్ళు కడుక్కొని చాప మీద కూసుంటనే ముక్కు ఎగబీల్చిండు.

"ఏందే మరదలా, వాసన కొత్తగున్నది?"

"కొత్తగనే వండిన బావా."

"మరి కంచాలెయ్యి. ఆకలికి పేగులు అరుస్తున్నయి."

"కూర లేదు. తిన్నం."

ఎవలకూ తలకెక్కలేదు. రాజయ్య లోపలికి పోయి గంజు మూత తీసిండు. మూకుడు వంచి చూసిండు. అయిదు కంచాలు చూసిండు. మొఖం నల్లగైంది. మూలకున్న కొక్కెం మీద కన్ను పడ్డది. హమాలి పని ఇడిచి ఎన్నేండ్లయినా దాన్ని అక్కడనే వేలాడగట్టి ఉంచిండు. దాన్ని గుంజి లేపబోయిండు. చెయ్యి భుజం కాడ ఆగిపోయింది. నడుముల ఏదో కలుక్కుమని "అమ్మా" అనుకుంట గోడ పట్టుకొని కిందికి జారిండు. కొక్కెం ఖణేల్‌మని బండ మీద పడ్డది.

అంజి నవ్విండు. "ఏందత్తా, అల్లుడు వస్తున్నడంటె కంచం నాకి పెట్టినవా? మా దిక్కు కుక్కలు గూడ గింత జల్ది తినయి."

"మీ దిక్కు కుక్కలకు పండ్లు ఉంటయి కదా, మెల్లగ తింటయి."

"ఓ, ఆగుండ్రి" అని నారాయణ చెయ్యి లేపిండు. పొయ్యి దిక్కు చూసిండు. అవతలికి నూకిన నల్లిబొక్క కనబడ్డది. మొఖం ఇప్పారింది. "గదేంది? నల్లి ఉన్నది కదనే! నల్లి గూడ కూరనే. దాన్నే ఉడకబెట్టు. అల్లుడొక గుటకెడు మూలుగ తాగినా రాజీ రాజీనే. కూసుంటం, మాకేం తొందర లేదు."

పోశవ్వ వంగి బొక్కను చేతిలకు తీసుకున్నది. మూరెడు పొడుగు, రెండు కొసలకు పిడికిలంత గుబ్బలు, బరువు. పొయ్యి దిక్కు ఒక అడుగు వేసింది. దాంతోని అంజికి పని అయిపోయిందనిపించింది. లేచి శ్రావణి కాడికి పోయి, జుట్టు చేతికి చుట్టుకొని, తలకాయ ఎనుకకు వంచిండు.

"ఇన్నవా? ఉడుకుతదట. లే, సంచి పట్టు. అవ్వతోని ఫోన్ల మాట్లాడుడు ఇయ్యాలటితోని బందు."

శ్రావణి అరువలేదు. అరువాలంటె నోరు తెరువాలె.

పోశవ్వ ఎట్ల తిరిగిందో ఎవలు చూడలేదు. బొక్క గుబ్బ అంజి మోచేతి మీద పడ్డది. ఎండుపుల్ల ఇరిగినట్టు టక్కుమన్నది. జుట్టు ఇడిచిండు. రెండోది భుజం బొక్క మీద. మూడోది, అంజి వంగితె, చెవి మీద. చెవి చీరుకొని నెత్తురు చాప మీద చిమ్మింది. అంజి వాళ్ళన్న పోశవ్వ మీదికి ఉరికిండు గాని రమ, సాయవ్వ కోడలు దారికి అడ్డమొచ్చిన్రు. రమ ఆయన చేతిని పండ్లతోని పట్టి ఇడువలేదు. సాయవ్వ అదే ఇనుప మూకుడును రెండు చేతుల లేపి చూపెట్టింది. "రా కొడుకా, రా" అన్నది ముసల్ది.

పోశవ్వ చెయ్యికి అలుపు రాలేదు. ఇన్నేండ్లు ఆ బొక్క కంచం మీద టక్‌టక్ అంటుంటె అర్రల కూసొని విన్న చెవులవి. ఇప్పుడు అదే చప్పుడు తన చేతిలకెళ్ళి వస్తున్నది, మంచిగ అనిపిస్తున్నది, మంచిగ అనిపిస్తున్నదని భయం గూడ అయితున్నది. అంజి కింద పడ్డంక గూడ లేపింది. శ్రావణి ఆ చెయ్యి పట్టుకున్నది.

"అవ్వా, ఇగ సాలు. సస్తడు."

ఆ మాటకు చెయ్యి దిగింది.

నారాయణ గోడకు అంటుకొని నిలబడ్డడు. తెల్ల పంచె మీద ఎర్రచుక్కలు. ఆడిదాన్ని తిట్టేటందుకే నోరు తెరిచిండు. కాని తాను ఇన్నేండ్లు చెప్పిన ఆనవాయితి అడ్డం వచ్చింది. కూర తినకముందు పిల్లను ముట్టింది అంజి, అదీ పెద్దమనిషి ముందల.

"నీకేమైందిరా?" అన్నడు అంజిని. "కూర తినకముందు పిల్ల మీద చెయ్యేస్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ ఏందే ముసలోడా!" అని అరిచిండు అంజి అన్న, కొరికిన చెయ్యి పట్టుకొని. "పోలీస్ స్టేషన్ల కేసు పెడత. అందరిని లోపల ఏపిస్త."

శ్రావణి తువ్వాల పూర్తిగ ఇప్పింది. గోడ పట్టుకొని నిలబడి, నొచ్చుకుంట, ఎంత తెరువవస్తె అంత నోరు తెరిచి అందరికి చూపెట్టింది. ఆమె మాట వంకరగ వచ్చింది గాని అందరికి అర్థమైంది.

"నడువుండ్రి. నేను గూడ వస్త. ఆళ్ళకు గూడ ఇది చూపెడత."

నారాయణ కండువతోని మొఖం తుడుచుకున్నడు. "ఇయ్యాల ఆగమైంది. వచ్చే ఆదివారం మల్ల కూసుందాం. మరదలా, నువ్వు మంచిగ కూర..."

"బావా, రాజీ కూర ఎవలు వండాలె?"

"పిల్ల తల్లి."

"పిల్ల తల్లిని నేను. నేను వండ."

"గట్లంటె ఎట్లనే?"

"మా అవ్వ సచ్చినప్పుడు కొడిమ్యాలల మీరే కూసొని చెప్పిన్రు. తల్లి వండకపోతె రాజీ లేదని. ఈ పిల్లకు తల్లి ఉన్నది, వండది. ఇగ మీరు పొద్దంత కూసుంటరో, నెలలకొద్ది కూసుంటరో మీ ఇష్టం." ఆమె చేతిలనే ఉన్న బొక్కను చూసుకున్నది. దానికి అల్లుని నెత్తురు, రెండు ఎంటికలు అంటుకొని ఉన్నయి. "ఇది కావాల్నంటె తీస్కపోండ్రి. ఉడకబెట్టుకోండ్రి."

ఎవ్వలు ముట్టలేదు. వాకిట్లకు ఇసిరింది. జీపు కింద పండుకున్న కుక్క లేచొచ్చి వాసన చూసింది, నోట కరుచుకొని గల్లీ మలుపు తిరిగింది.

అంజిని ఇద్దరు పట్టుకొని జీపుల పండబెట్టిన్రు. నారాయణ డ్రైవరు పక్కన కూసున్నడు. ఆయన పేగులు అరిచిన చప్పుడు నిజంగనే వినబడ్డదని రమ తర్వాత అందరికి చెప్పింది. జీపు దవాఖాన దిక్కు పోయింది. గడప పక్కనున్న సంచి అక్కడనే ఉన్నది.

పోశవ్వ చాపను బావికాడికి తీసుకపోయి కడిగింది. శ్రావణి వచ్చి నీళ్ళు పోసింది. రాజయ్య గోడకాడికెళ్ళి మెల్లగ లేచి, కొక్కెం దిక్కు చూడకుంట, గడపల కూసున్నడు. ఆయనకు గూడ పొద్దుగాల నుంచి తిండి లేదు.

"ఆళ్ళు ఊకుంటరా?" అన్నడు. "మల్ల వస్తరు. వచ్చే ఆదివారం కూర తేవాల్నా?"

పోశవ్వ కొంగుకు చేతులు తుడుచుకున్నది.

"తే" అన్నది. "వచ్చేటప్పుడు నూడుల్స్ ప్యాకెట్లు గూడ పట్కరా. ఇంట్ల అయిపోయినయి."